పికప్ ఎత్తు తగ్గించే ముందు

వానలు మొదలయ్యేలోపు ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ను కిందికి దించాలనుకునేవారు ఇవి చూసుకోండి.

● కాయిల్ స్ప్రింగును స్ప్రింగు కంప్రెసర్‌తో (స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టు) బిగించకుండా షాక్ అబ్సార్బర్ పై నట్టు విప్పవద్దు. అణిగి ఉన్న స్ప్రింగు ఎగిరితే ప్రాణానికే ముప్పు. స్ప్రింగు కోసి పొట్టి చేస్తామనే మెకానిక్కుకు దూరంగా ఉండండి.

● మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీ వివరాలకు విరుద్ధమైన మార్పులు కుదరవు. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ముందే ఆర్టీఏలో అడగండి. బీమా కంపెనీ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట క్లెయిము నాడు పనికిరాదు.

● ఇరుసును స్ప్రింగుకు పట్టి ఉంచే పాత యూ బోల్టులు మళ్లీ వాడవద్దు. ఒకసారి సాగినవి పట్టు నిలపవు.

● సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు నేలమీద ఆనాకే చివరిగా బిగించండి. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. తొందరలో అందరూ మరిచేది ఇదే.

● ముందు చక్రాల యాక్సిల్ షాఫ్టుల వంపు, బ్రేకు గొట్టాల స్థితి చూడండి.

● వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. లేదంటే టైర్లు లోపలివైపు అరుగుతాయి.

● కాలనీ స్పీడ్ బ్రేకర్లు, రైల్వే వంతెనల కింద నిలిచే నీళ్లు గుర్తున్నాయా? దించిన ప్రతి అంగుళం అక్కడ లెక్కకొస్తుంది.