దసరా చీర ఫోన్‌లో కొనే ముందు

మా ఇంట్లో దసరా హడావిడి టైలర్ దగ్గర మొదలవుతుంది. పండక్కి రెండు వారాల ముందే ఆవిడ "ఇంక కొత్త బ్లౌజులు తీసుకోవడం లేదండీ" అనేస్తుంది. అందుకని ఫాల్, పీకో, బ్లౌజు అన్నింటికీ రోజులు లెక్కేసి, చీర ఫలానా తేదీకల్లా చేతిలో ఉండాలని కంగారు పడుతుంటాం. సరిగ్గా ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడే ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక చీర కళ్లబడుతుంది. "సింగిల్ పీస్, ముందు డబ్బు పంపినవాళ్లకే."

నిరుడు నేనలాగే 2,600 రూపాయలు పంపాను. వీడియోలో చూపించింది మంగళగిరి పట్టు, పార్సిల్లో వచ్చింది ఒంటిమీద నిలవని పాలిస్టర్. అడిగితే "నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్ అని పేజీలోనే రాశాం కదా మేడం" అన్నారు. మర్నాటికి బ్లాక్ చేశారు. డబ్బు పోయిందన్న బాధ కన్నా, విజయవాడలో ఉంటూ అరగంటలో వెళ్లి రాగలిగే మంగళగిరి చీరని ఫోన్‌లో కొన్నానని ఇంట్లో పడ్డ మాటలే ఎక్కువ. అప్పటినుంచి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను.

మొదటిది, వీడియో అడగడం. పేజీలో పెట్టిన వీడియో సరిపోదు, ఎందుకంటే అది వేరే షాపు నుంచి ఎత్తుకొచ్చినది కావచ్చు. ఒక కాగితం మీద నా పేరు, ఆ రోజు తేదీ రాసి, చీర మీద పెట్టి, పగటి వెలుతురులో తీసి పంపమంటాను. చీర నిజంగా చేతిలో ఉన్నవాళ్లకి ఇది రెండు నిమిషాల పని. లేనివాళ్లు మాత్రం "అలా పంపం మేడం, మాకు పదివేల మంది కస్టమర్లు" అంటూ సాగదీస్తారు. ఈ ఒక్క కాగితం నాకు ఇప్పటికి మూడుసార్లు డబ్బు మిగిల్చింది.

ఆ వీడియోలో చీర వెనకవైపు కూడా చూపించమనండి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకి ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి. వెనక వెలిసినట్టుండి, గీతలు మరీ కత్తిరించినట్టుంటే అది ప్రింటు. ప్రింటు చీర కట్టుకోవడంలో తప్పేమీ లేదు, దానికి మగ్గం ధర కట్టకూడదంతే. గద్వాల్‌లో నూలు చీరకి పట్టు అంచు కలిపి నేస్తారు కాబట్టి ఆ కలిసే చోటు దగ్గరగా చూపించమనండి. ఉప్పాడ జమ్దానీ అయితే మగ్గం మీద వారాలు పట్టే పని. ఆ పేరు చెప్పి 999కి ఇస్తామంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు.

ప్యూర్ పట్టు అని చెప్పినవాళ్లని, అసలు పట్టుకి ఇచ్చే సిల్క్ మార్క్ లేబుల్ ఉందా అని అడగండి. దాని మీద హోలోగ్రామ్, నంబరు ఉంటాయి. అది లేకపోతే, చీర వచ్చాక కొంగు కుచ్చుల్లోంచి ఒక్క పోగు లాగి కాల్చి చూడొచ్చు. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. (చీర పక్కన పెట్టుకుని కాల్చకండి. మా పిన్ని ఆ పని చేసింది.)

తర్వాత పేజీ సంగతి. ఫాలోవర్ల లెక్క నేను చూడను, వాళ్లని కొనుక్కోవచ్చు. పేజీ పేరు మీద నొక్కితే "ఈ అకౌంట్ గురించి" అన్న చోట అది ఎప్పుడు మొదలైందో, ఇంతకు ముందు ఏయే పేర్లు మార్చుకుందో చాలాసార్లు కనిపిస్తుంది. మొన్నటిదాకా క్రికెట్ వీడియోల పేజీగా ఉన్నది ఇవాళ సిల్క్స్ అయిందంటే వదిలేయండి. కామెంట్లు ఆఫ్ చేసి పెట్టుకున్న పేజీలో కూడా నేను కొనను. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా వెతికి, ఆ వ్యాపారం పేరేమిటో చూసుకోవచ్చు. ఇంట్లో కూర్చుని నాలుగు చీరలు అమ్ముకునేవాళ్లకి ఆ నంబరు ఉండకపోవచ్చు, అంతమాత్రాన వాళ్లు మోసగాళ్లని కాదు.

ఇక డబ్బు. 2025 జూన్ చివరి నుంచి యూపీఐలో డబ్బు పంపే ముందు అవతలివాళ్ల బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరే తెర మీద కనిపించాలని, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నిబంధన పెట్టింది. పిన్ కొట్టే ముందు ఆ పేరు చదవండి. షాపు పేరు ఒకటి, ఖాతా పేరు ఇంకొకటి అయితే "ఇదెవరండీ?" అని అడగండి. యజమాని సొంత పేరే అయితే చెప్తారు. రెండోసారి ఇంకో పేరు, మూడోసారి మరో క్యూఆర్ పంపారంటే అక్కడే ఆగిపోండి. కొత్తవాళ్ల దగ్గరయితే ముందు చిన్న చీర ఒకటి, వీలైతే క్యాష్ ఆన్ డెలివరీలో తెప్పించుకోండి. పెద్ద మొత్తానికి క్రెడిట్ కార్డు మేలు. సరుకు రాకపోతే బ్యాంకుకి అభ్యంతరం చెప్పే దారి ఉంటుంది, యూపీఐలో మన చేత్తో మనమే పంపేసిన డబ్బుకి ఆ వీలు తక్కువ.

క్యాష్ ఆన్ డెలివరీకీ ఒక తంటా ఉంది. మనం ఆర్డర్ చేయని పార్సిల్ మన పేరు మీదే ఇంటికొస్తుంది. ఇంట్లో ఉన్న నాన్నగారు "అమ్మాయి ఏదో తెప్పించుకుంది కాబోలు" అని 499 ఇచ్చి పంపేస్తారు. విప్పితే చిరిగిన గుడ్డ ముక్కో, పది రూపాయల గాజులో. మాకు నిజంగా ఇలాగే జరిగాక, ఏ పార్సిల్‌కి ఎంత ఇవ్వాలో ముందే ఇంట్లో వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాను. గ్రూపులో లేనిది వస్తే తిప్పి పంపేయడమే. పాత పార్సిల్ కవర్ల మీది అడ్రస్ లేబుళ్లు కూడా చింపి పారేయండి. పేరు, ఫోను, ఇంటి నంబరు అన్నీ దాని మీదే ఉంటాయి.

పార్సిల్ విప్పేటప్పుడు, టేపు కోయకముందు నుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీయండి. అడ్రస్ లేబుల్ అందులో కనబడాలి.

ఆర్డర్ పెట్టాక వచ్చే ఫోన్లే అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే నిజంగానే ఒక పార్సిల్ కోసం చూస్తుంటాం. "కొరియర్ నుంచండీ, అడ్రస్ దొరకట్లేదు, స్టార్ 21 స్టార్ కొట్టి మా బాయ్ నంబరు డయల్ చేయండి" అంటారు. చేస్తే మన కాల్స్ వాళ్లకి మళ్లుతాయి, కాల్ రూపంలో వచ్చే ఓటీపీలు కూడా. స్టార్ 401 స్టార్ అన్నా అదే సంగతి. పొరపాటున చేసి ఉంటే హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ డయల్ చేస్తే ఆ మళ్లింపులు రద్దవుతాయి. ట్రాకింగ్ యాప్ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (నేరుగా ఫోన్‌లో యాప్ ఎక్కించేది) పంపితే తెరవకండి. రిఫండ్ కోసమని క్యూఆర్ స్కాన్ చేయమన్నా, పిన్ కొట్టమన్నా అది మోసమే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. కస్టమర్ కేర్ నంబరు కూడా గూగుల్‌లో వెతక్కుండా, కొన్న యాప్‌లోంచే తీసుకోండి.

పోతే పోయిందని ఊరుకోకండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపడానికి అంత వీలుంటుంది. యూపీఐ రసీదులో ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు దగ్గర పెట్టుకోండి, అడుగుతారు. బ్యాంకుకి కూడా వెంటనే చెప్పండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం, ఓటీపీ మనమే చెప్పేసినా సరే, బ్యాంకుకి తెలియజేశాక జరిగే నష్టం బ్యాంకే భరించాలి.

నాలాగా డబ్బుకి వేరే చీర వస్తే దారి వేరు. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే, పేజీలో "నో రిటర్న్" అని ఎంత పెద్దక్షరాలతో రాసుకున్నా సరే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పొచ్చు. చాట్ డిలీట్ కాకముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. నేను ఆ పని చేయలేదు. బ్లాక్ చేశాక చూస్తే వాళ్లు పంపిన చీర వీడియో కూడా డిలీట్ చేసేసి ఉంది, నా దగ్గర మిగిలింది ఆ పాలిస్టర్ చీరే. దాన్ని టీవీ మీద కప్పాం.