రోజువారీ శోధనను జయించడం ఎలా? ముందు దానితో మాట కలపడం మానండి

శోధనలో, అంటే పాపం వైపు లాగే ఆశలో, పడిపోయినవాళ్లు వచ్చి చెప్పే మాట దాదాపు ఒకటే: "ప్రార్థన చేశానన్నా, అయినా పడిపోయాను." ఎక్కడ చేశావని అడుగుతాను. మంచం మీద పడుకుని, ఫోన్ చేతిలో పట్టుకునే చేశాడట. ఆ ఫోన్ పక్క గదిలో పెట్టొచ్చి మోకరిస్తే కథ వేరేగా ఉండేది. ఏళ్ల తరబడి ఇదే తప్పు చూస్తున్నాను. నేనూ చేశాను కాబట్టి కాస్త విసుగ్గానే రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది రోజూ ఎదురయ్యే వాటి గురించి: నోటికొచ్చే చిన్న అబద్ధం, కోపంలో జారే మాట, పక్కవాడు పైకొస్తుంటే కడుపుమంట, రాత్రిపూట చూడకూడని వీడియో, లెక్కల్లో చిన్న సర్దుబాటు, చాడీ. తాగకపోతే చేతులు వణికే దశకు చేరినవాళ్ల సంగతి ఇది కాదు. వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఏళ్లుగా రోజూ విపరీతంగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ప్రార్థనతో పాటు వైద్యం చేయించుకోవడం అవిశ్వాసం కాదు.

కావలసినవి: బైబిలు, జేబులో పట్టే చిన్న పుస్తకం, పెన్సిలు, నమ్మకమైన మనిషి ఒకరు. పుస్తకం కాగితంతో చేసిందే కావాలి. ఫోన్‌లో రాసుకుంటామంటే ఒప్పుకోను, సగం శోధనలు కాపురముండేది అందులోనే. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు తోడుండాలి. ఇందులో బేరం లేదు.

మొదటి మెట్టు: దానికి పేరు పెట్టండి

"ప్రభువా, నా బలహీనతలన్నీ తీసెయ్యి" అనే ప్రార్థన వినడానికి బాగుంటుంది గానీ దానికి చిరునామా లేదు. వారం రోజులు పుస్తకంలో రాయండి: ఏ శోధన, ఏ సమయంలో, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది. అంతే, వ్యాఖ్యానాలు వద్దు.

దావీదు రాజు మరొకడి భార్య బత్షెబతో పాపంలో పడిన కథ ఇలాగే మొదలవుతుంది. 2 సమూయేలు 11వ అధ్యాయం మొదటి రెండు వచనాలు చూడండి. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలం, ఈయన మాత్రం యెరూషలేములోనే ఉండిపోయాడు. సాయంత్రం పడక మీద నుంచి లేచి మిద్దె మీద పచార్లు చేస్తున్నాడు. బత్షెబ ఇంకా కథలోకి రాకముందే కాలం, చోటు, పనిలేనితనం మూడూ కుదిరిపోయాయి. మీ పుస్తకంలోనూ ఇలాంటి మూడు ముడులు కనబడతాయి. చాలామందికి అవి అలసట, ఒంటరితనం, ఎవరో అన్న మాట. అలసటే కారణమని తేలితే పడుకోండి. 1 రాజులు 19లో చావు కోరుకుంటున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అతను తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. దేవుని ప్రశ్న ఆ తర్వాతే వచ్చింది.

రెండో మెట్టు: ఒక శోధనకు ఒక్కటే వాక్యం

పది వాక్యాలు నేర్చుకున్నవాడికి అవసరమైన క్షణంలో ఒక్కటీ గుర్తురాదు. అందుకే ఒక్కటే. కోపానికీ చాడీకీ "యెహోవా, నా నోటికి కావలియుంచుము" (కీర్తన 141:3). అసూయకు "మత్సరము ఎముకలకు కుళ్లు" (సామెతలు 14:30). కళ్లకు "నేను నా కన్నులతో నిబంధన చేసికొంటిని" (యోబు 31:1). పాత అనువాదంలోనే నేర్చుకోండి. ఆ గ్రాంథికంలో ఉన్న తూకం నాలుక మీద నిలిచిపోతుంది. పొద్దున ఫోన్ ముట్టకముందు, పైకి, ఏడు రోజులు. మనసులో చదివితే లెక్కలోకి రాదు.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. అరణ్యంలో 40 దినాల ఉపవాసం తర్వాత యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండము 6, 8 అధ్యాయాల్లోవే. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో బతికిన ఇవాగ్రియస్ అనే సన్యాసి, మనిషిని పీడించే తలంపుల్ని ఎనిమిది రకాలుగా విడదీసి, ఒక్కోదానికి ఎదురు చెప్పాల్సిన వాక్యాల్ని పుస్తకంగా కూర్చాడు. అయితే ఒక్క జాగ్రత్త: అపవాది, అంటే సాతాను, కూడా వాక్యం ఎత్తగలడు. యేసును శోధిస్తూ దేవాలయ శిఖరం మీద వాడు వల్లించింది 91వ కీర్తనే.

మూడో మెట్టు: మొదటి అర నిమిషం

పని మొత్తం ఇక్కడే చెడుతుంది. నిదానంగా చదవండి.

తలంపు రావడం పాపం కాదు. యేసుకూ శోధన వచ్చింది, ఆయన పాపం చేయలేదు (హెబ్రీ 4:15). ఇది ముందు మనసుకు పట్టించుకోకపోతే మిగతాదంతా వృథా. ఎందుకంటే సిగ్గుపడినవాడు "ఎలాగూ మనసు చెడింది, ఇక చేస్తే ఏముంది" అనుకుంటాడు. యాకోబు పత్రిక 1:14-15లో వరస స్పష్టంగా ఉంది: దురాశ ఈడుస్తుంది, మరులుకొల్పుతుంది, గర్భం ధరిస్తుంది, ఆపై పాపాన్ని కంటుంది. మరులుకొల్పడానికీ గర్భం ధరించడానికీ మధ్య కాస్త జాగా ఉంది. మీకున్న సమయం అదే, చాలామందికి అర నిమిషం. ఆ అర నిమిషంలో మనం చేసే పెద్ద పొరపాటు దానితో మాట కలపడం.

ఆదికాండము 3లో సర్పం ఆజ్ఞాపించలేదు, ఒక ప్రశ్న అడిగింది. హవ్వ మర్యాదగా జవాబు చెప్పింది. చెబుతూ "ముట్టకూడదు" అని దేవుడు అనని మాట ఒకటి చేర్చింది కూడా. 2:17లో తినవద్దని ఉందిగానీ ముట్టవద్దని లేదు. వాదనలోకి దిగాక సరుకు చాలక మనమే కల్పిస్తాం. అరణ్యంలో యేసు మాత్రం ఒక్కో శోధనకు ఒక్కో వాక్యం చెప్పి ఆపేశాడు. "రాళ్లు రొట్టెలు చేస్తే తప్పేముంది, చేయకపోతే నష్టమేముంది" అని చర్చ పెట్టలేదు.

మాట కలిపేశారని ఎలా తెలుస్తుంది? లోపల ఈ మాటలు వినబడతాయి: "ఈ ఒక్కసారికి." "ఎవరికి నష్టం?" "రోజంతా చచ్చేట్టు కష్టపడ్డాను." "దేవుడు క్షమిస్తాడులే." చివరిది అన్నిటికంటే ప్రమాదం, చూడ్డానికి విశ్వాసంలాగే ఉంటుంది. కృప విస్తరించాలని పాపంలో నిలిచి ఉందామా అన్న ప్రశ్నకు పౌలు రోమా 6:2లో ఇచ్చిన జవాబు "అట్లనరాదు". ఒక్క మాట. మీరూ అంతకంటే పొడుగు జవాబు చెప్పకండి.

ఇక చేయాల్సింది, ఈ వరసలోనే: వాక్యం పైకి, ఒక్కసారి చెప్పండి. లేవండి. ఆ చోటు వదిలి వెళ్లండి. వెళ్లాక ప్రార్థించండి. వరస మార్చకండి. ముందు ప్రార్థిద్దాం, తర్వాత లేద్దాం అనుకున్నవాళ్లు లేవరు. కళ్లు మూసుకుని ఆ విషయం గురించే పావుగంట ప్రార్థిస్తే పావుగంట దాని గురించే ఆలోచించినట్టు. ఇలా చెబితే కొందరు నొచ్చుకుంటారు, నేను ప్రార్థనను తక్కువ చేస్తున్నానని. శోధన రాకముందే ప్రార్థన చేయాలంటున్నాను. గెత్సేమనే తోటలో యేసు శిష్యులను "శోధనలో ప్రవేశించకుండునట్లు" ప్రార్థించమన్నాడు, ప్రవేశించి కుర్చీ వేసుకున్నాక కాదు.

యోసేపును చూడండి. ఐగుప్తులో అతని యజమాని పోతీఫరు భార్య తనతో శయనించమని దినదినము అడిగింది. అతను కారణం చెప్పాడు. తర్వాత ఆమె మాట వినలేదు, ఆమె దగ్గర ఉండటానికీ ఒప్పుకోలేదు. చివరి రోజు వస్త్రం ఆమె చేతిలో వదిలేసి బయటికి పరుగెత్తాడు. వస్త్రం పోయింది, పేరు పోయింది, చెరసాల వచ్చింది. పారిపోవడానికి ఖర్చుంటుంది, ముందే తెలుసుకోండి.

"అపవాదిని ఎదిరించుడి" అని యాకోబు 4:7లో ఉంది కదా అంటారు. ఉంది. దానికి ముందున్న "దేవునికి లోబడియుండుడి" సంగతేమిటి? లోబడటమంటే, పారిపొమ్మన్న చోట పారిపోవడం కూడా. జారత్వం విషయంలో 1 కొరింథీ 6:18, యౌవనేచ్ఛల విషయంలో 2 తిమోతి 2:22 చెప్పింది ఎదిరించమని కాదు, పారిపొమ్మనే. 1 కొరింథీ 10:13లో దేవుడు ఇస్తానన్నది "తప్పించుకొను మార్గము". మార్గం ఉన్నది నడవడానికి.

లేచి వెళ్లడానికి వీల్లేనివీ ఉంటాయి. కోపం వస్తే నోరు మూసుకుని "దీని గురించి రేపు మాట్లాడతాను" అనండి, రేపు నిజంగా మాట్లాడండి. అబద్ధం తలంపు కంటే వేగంగా జారుతుంది, కాబట్టి అక్కడ అర నిమిషం మాట బయటపడ్డాకే మొదలవుతుంది: "ఆగండి, నేనిప్పుడు చెప్పింది నిజం కాదు." మొదటిసారి ప్రాణం పోయినంత పనవుతుంది. నాలుగైదుసార్లు ఇలా దిద్దుకున్నాక నాలుకకే బుద్ధి వస్తుంది. చాడీల విషయంలో మన విశ్వాసులకు ఒక ప్రత్యేకమైన రోగం ఉంది. "ఫలానా వాళ్ల కోసం ప్రార్థన చేయండి" అని మొదలుపెట్టి ఆ ఇంటి గుట్టంతా విప్పుతారు. పేరు చెబితే చాలు, దేవుడికి వివరాలు తెలుసు.

ఇక మిగతా పద్ధతులు. జనవరి 1న ఒట్టు పెట్టుకునేవాళ్లకు యేసు శిష్యుడు పేతురును చూపిస్తాను. చావవలసి వచ్చినా నిన్ను ఎరుగనని చెప్పను అని యేసుతో అన్నాడు, కోడి కూసేలోపు ఆ ఒట్టు మూడుసార్లు తెగింది. నియమాల పట్టిక గోడకు తగిలించేవాళ్లు కొలొస్సయి 2:20-23 చదవాలి. ముట్టవద్దు, రుచి చూడవద్దు అనే విధులకు శరీర కోరికల్ని అణచే శక్తి లేదని అక్కడే ఉంది. ఉపవాసం మంచిదే, నేనూ ఉంటాను, కానీ అది కవచం కాదు. యేసు దగ్గరికి శోధకుడు వచ్చింది ఆయన ఆకలిగొన్నప్పుడే.

నాలుగో మెట్టు: ఖాళీ వదలకండి

లూకా 11లో అపవిత్రాత్మ వదిలి వెళ్లిన ఇల్లు ఊడ్చి, అమర్చి ఉంది. తిరిగొచ్చేటప్పుడు తనకంటే చెడ్డవాటిని ఏడింటిని వెంటబెట్టుకొచ్చింది. మానేసిన పని ఉన్న సమయంలో వేరే పని పెట్టండి, చేతులకు పని ఉండేదైతే మేలు. దొంగిలినవాడు దొంగతనం మానితే చాలదు, కష్టపడి అక్కరగలవాళ్లకు ఇవ్వాలి అంటుంది ఎఫెసీ 4:28.

అయిదో మెట్టు: పడితే

పడతారు. ఆ రోజే, వీలైతే ఆ గంటలోనే, మీ తోడు మనిషికి చెప్పండి. ఆదివారం దాకా ఆగకండి. ఆగితే సిగ్గు ముదిరి, అది మరో పాపానికి దారి వెతుకుతుంది. దావీదు దాచాడు, దాచడానికి బత్షెబ భర్త ఊరియాను చంపించాడు, తప్పు చూపించడానికి నాతాను ప్రవక్త ఇంటికొచ్చేసరికి బిడ్డ కూడా పుట్టేశాడు. "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" అని మొదలయ్యే 1 యోహాను 1:9లో గడువేమీ లేదు. అలాంటప్పుడు మూడు రోజులు మొహం మాడ్చుకుని తిరిగితేనే పశ్చాత్తాపమని ఎవరు నేర్పారో నాకు అంతుపట్టదు.

చెప్పేటప్పుడు రెండు వాక్యాలు చాలు: ఏం చేశాను, ఎప్పుడు చేశాను. వివరాలు వర్ణించకండి, వినేవాడికీ శోధనలుంటాయి. వినేవాడు ప్రసంగం మొదలుపెట్టకూడదు, "అయ్యో, నువ్వా!" అని అసలే అనకూడదు. కలిసి ప్రార్థించి, పుస్తకంలో ఆ రోజు సమయం రాయించి, మర్నాడు సరిగ్గా అదే సమయానికి తనే ఫోన్ చేయాలి.