లింకు దస్తావేజు లేనిదే తరం కలపకండి: గుంటూరు నుంచి జర్మన్ వంశవృక్షాన్ని వెతికే పద్ధతి

రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు పాత రిజిస్టర్లు తిరగేయడం కొత్త కాదు. ఆ అలవాటు జర్మనీలోని ఒక పల్లెటూరి చర్చి పుస్తకాల దాకా నన్ను తీసుకువెళ్తుందని మాత్రం అనుకోలేదు. ఆఖెన్‌లో ఎం.ఎస్. చదవడానికి వెళ్ళిన మా అబ్బాయి అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. మనవరాలు పుట్టిన తరువాత, మా తాతగారు మొదలుపెట్టిన వంశావళి పుస్తకంలో ఆ పాప పేరు చేర్చబోతే, తండ్రి వైపు ఏడు తరాలు నిండుగా ఉండి తల్లి వైపు పేజీ తెల్లగా కనిపించింది. బిడ్డకు తండ్రి వంశం ఎంతో తల్లి వంశమూ అంతే కనుక, ఆ పేజీ నింపే పని నేనే పెట్టుకున్నాను. గుంటూరు, విజయవాడల్లో ఇప్పుడు జర్మనీతో వియ్యమందిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి కాబట్టి, నేను నేర్చుకున్న పద్ధతిని వారి కోసం రాస్తున్నాను.

మనవాళ్ళు మొదట చేసే పొరపాటు ఇంటిపేరు పట్టుకుని వెతకడం. మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊరి పేర్లే కాబట్టి, పేరు వినగానే పూర్వీకులది ఏ ప్రాంతమో కొంత ఊహించగలం. జర్మనీలో ఆ ఊహ చాలాసార్లు పనికిరాదు. అక్కడ అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ముల్లర్ అనే పేరుకు పిండిమర నడిపేవాడని అర్థం. ష్మిట్ అంటే కమ్మరి, ష్నైడర్ అంటే దర్జీ, వేబర్ అంటే నేతగాడు. ప్రతి ఊళ్ళోనూ ఒక మర, ఒక కొలిమి ఉండేవి కనుక ఒకే పేరున్న కుటుంబాలకు ఒకరితో ఒకరికి ఏ చుట్టరికమూ ఉండకపోవచ్చు. అందువల్ల పేరు కంటే ముందు తేలవలసినవి రెండు: పూర్వీకులు ఏ ఊరివారు, ఏ మతశాఖకు చెందినవారు. ఈ రెండూ తేలకుండా వెతికే వెతుకులాట సర్వే నంబరు తెలియకుండా ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) అడిగినట్టే ఉంటుంది.

ఊరి పేరు సాధారణంగా వాళ్ళ ఇంట్లోనే దొరుకుతుంది. పెళ్ళి నమోదైనప్పుడు జర్మన్ దంపతులు ష్టామ్‌బూఖ్ అనే కుటుంబ పుస్తకాన్ని ఉంచుకునే ఆచారం ఉంది. అందులో వివాహ పత్రం, పిల్లల జనన పత్రాలు ఒక్కచోట ఉంటాయి. మా వియ్యపురాలిగారిని ఒక ఆదివారం వీడియో కాల్‌లో ఈ పుస్తకం గురించి అడిగితే, ఆమె తన తల్లిదండ్రులదీ, తాతగారిదీ కలిపి రెండు పుస్తకాలు బీరువాలో నుంచి తీశారు. అట్టలు వదులైన ఆ రెండో పుస్తకంలోని ఒక్క పేజీ నాకు రెండు తరాల పేర్లు, మూడు ఊళ్ళు చూపించింది. పాత ఫోటోల వెనక రాతలు, అంత్యక్రియల ప్రకటనలు, ప్రార్థన పుస్తకాల్లో దాచిన కార్డులు కూడా అడగండి. సమాధుల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి, ఎందుకంటే అక్కడి శ్మశానాల్లో స్థలాన్ని సాధారణంగా ఇరవై, ముప్పై ఏళ్ళకే ఇస్తారు. గడువు పొడిగించకపోతే రాయి తీసేసి ఆ చోటు మరొకరికి ఇస్తారు.

ఇక్కడి నుంచి నా పాత ఉద్యోగపు సూత్రమే వర్తిస్తుంది. పొలం కొనేటప్పుడు అమ్మేవాడి పత్రం ఒక్కటీ చూసి ఊరుకోము. అతనికి ఎవరి నుంచి వచ్చింది, ఆ వ్యక్తికి ఎవరి నుంచి వచ్చింది అని లింకు దస్తావేజులు వరుసగా చూస్తాము. వంశవృక్షంలో కూడా ఒక తరాన్ని వెనుకటి తరంతో కలిపే పత్రం చేతికి వచ్చిన తరువాతే పై పేరు రాయాలి. జర్మన్ రికార్డుల్లో ఆ లింకును అన్నిటికంటే గట్టిగా చూపేది వివాహ నమోదు, ఎందుకంటే ప్రభుత్వ వివాహ రిజిస్టరులో వధూవరుల పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, మతం, వృత్తి, ఇద్దరి తల్లిదండ్రుల పేర్లు, వారి నివాసం వరకూ రాసేవారు.

ఈ ప్రభుత్వ నమోదు చేసే కార్యాలయాన్ని ష్టాండెస్‌ఆమ్ట్ అంటారు. అప్పటి జర్మనీలో అతిపెద్ద రాజ్యమైన ప్రష్యాలో ఇది 1874 అక్టోబరు 1న, మొత్తం జర్మన్ సామ్రాజ్యంలో 1876 జనవరి 1న మొదలైంది. రైన్ నదికి పడమటి ప్రాంతాల్లో ఫ్రెంచి పాలన కారణంగా 18వ శతాబ్దం చివర్లోనే ఇటువంటి నమోదు ప్రవేశించింది. జనన రిజిస్టర్లు 110 ఏళ్ళు, వివాహ రిజిస్టర్లు 80 ఏళ్ళు, మరణ రిజిస్టర్లు 30 ఏళ్ళు ఆ కార్యాలయంలోనే రక్షణలో ఉంటాయి. ఆ గడువు దాటినవి పురపాలక లేదా ప్రాంతీయ దస్తావేజు భాండాగారాలకు చేరి, అందరికీ చూసే వీలు కలుగుతుంది. గడువు దాటని పత్రం మీకు, నాకు ఇవ్వరు. భార్యాభర్తలకు, ఆ వ్యక్తి పై తరాలవారికి, సంతతికి ఇస్తారు కనుక దరఖాస్తు కోడలి పేరునే వెళ్ళాలి. లేదా ఆమె సంతకం చేసిన అధికార పత్రాన్ని, గుర్తింపు కార్డు నకలును, బంధుత్వం చూపే పత్రాలను జతచేసి మీరు పంపాలి. ఉత్తరం జర్మన్‌లో, క్లుప్తంగా, ఒక్క ఉత్తరంలో ఒక్క నమోదునే అడుగుతూ ఉండాలి. మొత్తం నమోదుకు సంబంధించిన నకలు కావాలని స్పష్టంగా రాయండి, లేకపోతే తల్లిదండ్రుల వివరాలు లేని సంక్షిప్త ధ్రువపత్రం రావచ్చు. రుసుము ఊరిని బట్టి మారుతుంది. ఫోన్ చేయదలిస్తే మన మధ్యాహ్నం రెండు దాటాక చేయండి. వేసవిలో వారి గడియారం మనకంటే మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది.

ఊరి పేరు దొరికినా, అది ఏ ఊరో తేల్చడం మరో పని. నాయ్‌ష్టాట్, అంటే కొత్తపట్నం, అనే పేరుతో జర్మనీలో ఎన్నో ఊళ్ళున్నాయి. 1912 నాటి మేయర్స్ ఓర్ట్స్ గజెటీర్ దీనికి మంచి సాయం. జర్మన్ సామ్రాజ్యంలోని ఊళ్ళను చిన్న పల్లెలతో సహా చూపే ఈ గ్రంథం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. ఊరు ఏ జిల్లాలోది, దాని ష్టాండెస్‌ఆమ్ట్ ఎక్కడ, చర్చి ఆ ఊళ్ళోనే ఉందా అన్నది అందులో తెలుస్తుంది. చిన్న పల్లెకు సొంత చర్చి లేకపోతే పక్క ఊరి పుస్తకాలు చూడాలి. మన పల్లెల రిజిస్ట్రేషన్ మండల కేంద్రంలో జరిగినట్టే.

ప్రభుత్వ నమోదు మొదలుకాక ముందు కాలానికి చర్చి పుస్తకాలే ఆధారం. వీటిని కిర్ఖెన్‌బూఖ్ అంటారు. లూథరన్ ప్రాంతాల్లో కొన్ని చోట్ల 16వ శతాబ్దం నుంచే ఉన్నాయి; కాథలిక్కులలో 1563 నాటి ట్రెంట్ మహాసభ నిర్ణయం తరువాత ఈ నమోదులు వ్యాపించాయి. 1618 నుంచి 1648 వరకు సాగిన ముప్పై ఏళ్ళ యుద్ధంలో చాలా పుస్తకాలు నాశనమయ్యాయి గనుక, ఎక్కువ కుటుంబాల అన్వేషణ ఆ తరువాతి దశాబ్దాల దగ్గర ఆగిపోతుంది. కాథలిక్ పుస్తకాలు చాలావరకు మాట్రికులా అనే ఇంటర్నెట్ వేదికలో ఉచితంగా చూడవచ్చు; మా కోడలి తల్లి వైపువారు చెందిన మ్యూన్‌స్టర్ డయోసిస్ (బిషప్ పరిధి) పుస్తకాలు నాకు అక్కడే దొరికాయి. ప్రొటెస్టెంటు పుస్తకాలకు ఆర్కియోన్ అనే వేదిక ఉంది. దానికి చందా కట్టాలి. నెల చందా కట్టే ముందే ఏ ఊరు, ఏ సంవత్సరాలు, ఏ పుస్తకం అని జాబితా రాసుకుంటే డబ్బు వృథా కాదు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశావళి వెబ్‌సైట్ ఉచితమే, కానీ అక్కడి సూచికలో పేరు కనిపిస్తే దానితో తృప్తిపడకుండా అసలు పేజీ బొమ్మ చూడాలి.

ఇలా ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మొదటి ఏడాది నేను ఒక వెబ్‌సైట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షాన్ని నమ్మి, యోహాన్ హైన్‌రిష్ అనే ఒక వ్యక్తిని మా వరుసలో చేర్చాను. పేరు, ఊరు, సంవత్సరం అన్నీ సరిపోయాయి. మూడు నెలల తరువాత ఖననాల పుస్తకం తెరిస్తే, ఆ యోహాన్ హైన్‌రిష్ పదకొండు నెలల పసివాడిగానే కన్నుమూశాడని తెలిసింది. మూడేళ్ళకు పుట్టిన తమ్ముడికి తల్లిదండ్రులు ఆ పేరే పెట్టారు. మా పూర్వీకుడు ఆ రెండోవాడు. ఆ కాలంలో ఈ ఆచారం సర్వసాధారణం. కాబట్టి బాప్తిస్మపు నమోదు దొరికిన ప్రతిసారీ, తరువాతి పదేళ్ళ ఖననాల పుస్తకం కూడా చూడండి.

ఇక రాత సంగతి. పాత నమోదులు కుర్రెంట్ అనే లిపిలో ఉంటాయి. మన కరణాల గొలుసుకట్టు రాత చదివినవారికి ఆ కష్టం ఏమిటో వెంటనే అర్థమవుతుంది. చిన్న ఇ (e) అక్షరం ఎన్ (n) అక్షరంలా రెండు గీతలుగా కనిపిస్తుంది; ఎన్, యు ఒకేలా ఉంటాయి కాబట్టి యు మీద చిన్న వంపు గీత పెడతారు; ఎమ్ లేదా ఎన్ మీద అడ్డగీత ఉంటే ఆ అక్షరం రెండుసార్లు ఉందని అర్థం. నేను చేసిన పని ఏమిటంటే, అక్షరాల పట్టిక ఎదురుగా పెట్టుకుని, మనకు కావలసిన ఇంటిపేరును, ఊరి పేరును ఆ లిపిలో ఒక కాగితం మీద యాభైసార్లు రాశాను. చేతికి ఆ ఆకారం అలవాటయ్యాక, పేజీలో మిగతాది ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ పేరు మాత్రం కంటికి తగిలింది. బాప్తిస్మపు నమోదులో సాధారణంగా పుట్టిన రోజు, బాప్తిస్మం రోజు, బిడ్డ పేరు, తండ్రి పేరు, వృత్తి, తల్లి పేరు, సాక్షుల పేర్లు ఉంటాయి. తల్లి పేరు పక్కన గెబోరెనె అన్న మాట కనిపిస్తే తరువాత వచ్చేది ఆమె పుట్టింటి పేరు. సాక్షులను వదిలేయకండి, వారు చాలాసార్లు మేనమామలు, పినతల్లులు, అత్తలు అవుతారు. ఏడు అంకె వేసి పక్కన బెర్ అని రాస్తే అది జులై కాదు, సెప్టెంబరు. లాటిన్‌లో సెప్టెమ్ అంటే ఏడు కాబట్టి అలా రాసేవారు. కాథలిక్ పుస్తకాలు లాటిన్‌లో ఉంటే రాత కాస్త తేలిక. మరణ నమోదులో వయసు సంవత్సరాలు, నెలలు, రోజులతో సహా ఇస్తే, వెనక్కి లెక్కకట్టి పుట్టిన తేదీ పట్టుకోవచ్చు.

పేర్ల విషయంలో మరో రెండు మాటలు చెప్పాలి. ఒక బిడ్డకు మూడు నాలుగు పేర్లు పెట్టి, వాటిలో పిలిచే పేరు కింద గీత గీసేవారు. అది మొదటి పేరే కావాలని లేదు. పశ్చిమ జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలో అయితే కమతానికి ఒక పేరుండేది, ఆ కమతానికి ఇల్లరికం వెళ్ళిన అల్లుడు తన ఇంటిపేరు వదిలి ఆ కమతం పేరు పెట్టుకునేవాడు. మన ఇల్లరికపు అల్లుడు తన ఇంటిపేరు తనతోనే ఉంచుకుంటాడు కాబట్టి ఇది నాకు చాలా కొత్తగా తోచింది. రెండు పేర్ల మధ్య గెనాన్ట్ అన్న మాట ఉంటే ఇదే సంగతి. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములకు వేర్వేరు ఇంటిపేర్లు కనిపిస్తే రికార్డు తప్పని తోసేయకండి.

కోడలి తండ్రి వైపువారు సిలీషియావారు. 1945లోనూ ఆ తరువాతా సిలీషియా, పొమెరేనియా, తూర్పు ప్రష్యాల నుంచి లక్షలాది జర్మన్లు ఇళ్ళు వదిలి పడమటికి రావలసి వచ్చింది. ఆ ఊళ్ళు ఇప్పుడు పోలెండ్‌లోనో రష్యాలోనో ఉన్నాయి, పేర్లు మారాయి. బ్రెస్లావు నేటి వ్రొత్స్వాఫ్, ష్టెట్టిన్ నేటి ష్చెచిన్, క్యోనిగ్స్‌బర్గ్ నేటి కలీనిన్‌గ్రాద్. మిగిలిన రిజిస్టర్లలో కొన్ని పోలెండ్ రాజ్య దస్తావేజు భాండాగారాల్లో, కొన్ని బెర్లిన్‌లోని ఒకటవ నంబరు ష్టాండెస్‌ఆమ్ట్‌లో, గడువు దాటినవి బెర్లిన్ ప్రాంతీయ భాండాగారంలో ఉంటాయి. బైరోయిట్‌లో ఉన్న లాస్టెన్‌ఔస్‌గ్లైఖ్ భాండాగారంలో, కోల్పోయిన ఆస్తులకు పరిహారం కోరిన కుటుంబాల ఫైళ్ళు ఉన్నాయి. పత్రాలేవీ తెచ్చుకోలేక వచ్చినవారికి ఆ ఫైలే మొదటి లింకు కావచ్చు.

ఆ కాలం గురించి పెద్దవారిని అడిగేటప్పుడు నెమ్మదిగా అడగండి. 1930లలో చాలామంది ఆనెన్‌పాస్ అనే పూర్వీకుల పుస్తకం తయారు చేయించుకున్నారు. వంశంలో యూదులు లేరని చూపడానికి నాజీ పాలన అడిగిన పత్రమది. చర్చి నమోదుల సారం ఉండడం వల్ల అన్వేషణకు అది పనికొస్తుంది, కానీ దాన్ని చేతిలో పట్టుకున్నప్పుడు అది ఎవరిని వేరు చేయడానికి పుట్టిందో మరచిపోకూడదు. కుటుంబంలో ఎవరైనా నాజీల హింసకు గురై ఉంటే బాడ్ ఆరోల్సెన్‌లోని ఆరోల్సెన్ భాండాగారంలో ఉచితంగా వెతకవచ్చు. యుద్ధంలో మరణించిన సైనికుల సమాధుల వివరాలను ఫోల్క్స్‌బుండ్ అనే సంస్థ వేదికలో చూడవచ్చు.

అమెరికాకు వలస వెళ్ళిన శాఖ ఉంటే హాంబర్గ్ ఓడరేవు ప్రయాణికుల జాబితాలు 1850 నుంచి 1934 వరకు ఉన్నాయి. బ్రెమెన్ జాబితాలు చాలావరకు నశించాయి.

సాధన చేయడానికి మన గుంటూరుకు సంబంధించిన ఉదాహరణే ఒకటి తీసుకోండి. 1842 జులై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హెయర్ 1793లో హెల్మ్‌ష్టెట్‌లో జన్మించారు. ఆ పట్టణం అప్పుడు బ్రౌన్‌ష్వైగ్ రాజవంశం ఏలుబడిలో ఉంది, ఇప్పుడు లోయర్ సాక్సనీ రాష్ట్రంలో ఉంది. పుట్టింది 1793 కనుక ష్టాండెస్‌ఆమ్ట్ ప్రసక్తి లేదు. లూథరన్ చర్చి పుస్తకమే చూడాలి. ఆయన బాల్యం దాటగానే అమెరికా వెళ్ళి, అక్కడి లూథరన్ సంఘం పంపగా ఇక్కడికి వచ్చారు కాబట్టి, ఆయన గుంటూరు పనికి సంబంధించిన ఉత్తరాలను జర్మనీలో కాక అమెరికాలో వెతకాలి. పంపిన కార్యాలయం ఎక్కడుంటే కాగితం అక్కడుంటుంది.

దొరికిన ప్రతి వివరం పక్కన భాండాగారం పేరు, పుస్తకం, సంవత్సరం, పేజీ, వరుస సంఖ్య రాయండి. దస్తావేజుకు నంబరు, వాల్యూము, పేజీ రాసినట్టే. పేర్లను తెలుగులో ఉచ్చారణ ప్రకారం రాసి, పక్కనే అసలు జర్మన్ వర్ణక్రమాన్ని, అక్షరాల మీది చుక్కలతో సహా రాయండి. చుక్కలు వదిలేస్తే రేపు వెతికేవారికి అది వేరే పేరు అవుతుంది. మా పుస్తకంలో మనవరాలి తల్లి వైపు పేజీ ప్రస్తుతం 1768 నాటి ఒక వివాహం దగ్గర ఆగి ఉంది. వరుడిది పక్క పారిష్ (చర్చి పరిధి) అని ఆ నమోదులో ఉంది కనుక, ఈ వారం ఆ పారిష్ బాప్తిస్మాల పుస్తకాన్ని 1735 నుంచి చదవడం మొదలుపెట్టాను.