చేపల మేతలో ప్రోబయోటిక్ కలిపే పద్ధతి

ప్రోబయోటిక్ (చేపల పేగుకు మేలు చేసే బాక్టీరియా పొడి) ప్యాకెట్ చేతికి రాగానే నేను ముందు చూసేది గ్రాముకు ఎంత సీఎఫ్‌యూ ఉందనేదే. అంటే బతికున్న బాక్టీరియా లెక్క. గ్రాములో వంద కోట్లు ఉంటే, కిలో మేతకు 5 గ్రాములు కలిపితే ప్రతి గ్రాము మేతలో 50 లక్షలు పడతాయి. ఈ లెక్క రాయని ప్యాకెట్ నేను కొనను.

బాసిల్లస్ సబ్టిలిస్ లాంటివి సిద్ధబీజాల (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే స్పోర్‌ల) రూపంలో ఉంటాయి కాబట్టి వేడిని బాగా తట్టుకుంటాయి. లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా అలా కాదు, పెల్లెట్ (మేత గుళిక) తయారీ వేడికే చాలావరకు చచ్చిపోతుంది. అందుకే ఏదైనా సరే, తయారైన మేతకు పైపూతగా పట్టించడమే నాకు నమ్మకం.

క్లోరిన్ లేని కొద్దిపాటి నీళ్లలో పొడిని కలిపి, మేతను పలుచగా పరిచి, తిరగేస్తూ స్ప్రే చేయాలి. గుళికలు తడిస్తే చాలు, మెత్తబడకూడదు. ఆ తర్వాత కిలోకు 10 నుంచి 20 మిల్లీలీటర్ల నూనె పట్టిస్తే పూత నీళ్లలో తొందరగా కరిగిపోదు. నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే పడిన శ్రమంతా వృథా. ఏ రోజు కలిపింది ఆ రోజే వేసేయండి.

యాంటీబయోటిక్ మేత ఇస్తున్నప్పుడు దీన్ని కలపొద్దు, ఆ మందు వీటినీ చంపేస్తుంది. కోర్సు అయ్యాక మొదలుపెట్టండి. ఈ బాక్టీరియా పేగులో శాశ్వతంగా ఉండిపోదు, ఆపితే క్రమంగా తగ్గిపోతుంది. కాబట్టి వరుసగా ఇవ్వాలి.

తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే మాత్రం మేత ఆపి, ముందు ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) వేయండి. ఆక్సిజన్ కొరతకు ప్రోబయోటిక్ మందు కాదు.