క్రెష్‌లో పిల్లకి జ్వరం సిరప్ వేయాల్సి వస్తే

జ్వరం సిరప్ మెడికల్ షాపులో డాక్టరు చీటీ లేకుండా దొరుకుతుంది కాబట్టి క్రెష్‌లోనూ చీటీ లేకుండా వేసేయొచ్చు అనుకుంటారు చాలామంది. మన దేశ చట్టంలో ‘ఓవర్ ది కౌంటర్’ (చీటీ లేకుండా అమ్మేవి) అని ఒక మందుల తరగతే లేదు. చీటీ తప్పనిసరి అని రాసిపెట్టిన మందులు కొన్ని, ఆ పట్టికలోకి రానివి మిగతావి. పట్టికలో లేనంత మాత్రాన పదకొండు కిలోల పిల్లకి ఆయా తన అంచనాతో పట్టించవచ్చని కాదు.

క్రెష్ దగ్గర సొంత సిరప్ సీసా అసలు ఉండకూడదు. మందు వేయాలా వద్దా అన్నది తల్లిదండ్రులూ డాక్టరూ తేల్చాలి. సరైన పిల్లకి, సరైన వేళకి, కొలిచి వేసి, రాసిపెట్టడం వరకే క్రెష్ పని. అలాగని ‘మేం ఏ మందూ వేయం’ అని బోర్డు పెట్టడం కూడా తెలివైన పని కాదు. అలాంటి చోట తల్లులు పొద్దున్నే సిరప్ పట్టించి, చెప్పకుండా దింపి వెళ్తారు. తొమ్మిదింటికి ఆడుకుంటున్న పిల్ల ఒంటిగంటకి ఒళ్లు కాలిపోతూ కనిపిస్తుంది. అంతకుముందు ఎంత మందు పడిందో, ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు.

కాబట్టి మొదటి జాగ్రత్త గేటు దగ్గరే. పిల్లని దింపుకునేటప్పుడు రోజూ ఒకటే ప్రశ్న: “రాత్రి నుంచి ఏమైనా మందు వేశారా అమ్మా, ఏది, ఎన్నింటికి?” జవాబు అప్పుడే రిజిస్టరులో పడాలి. అడిగేటప్పుడు నిలదీస్తున్నట్టు అడిగితే రేపటి నుంచి నిజం చెప్పరు.

వేయదగ్గవి, వేయకూడనివి

ఆరు నెలలు దాటిన పిల్లల విషయంలో క్రెష్ ఒప్పుకోదగ్గవి మూడే: పారాసిటమాల్, ఓఆర్ఎస్, ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు. ఆ చుక్కల డబ్బా మీద సోడియం క్లోరైడ్ అని మాత్రమే ఉందో లేదో చూడండి. ఆక్సీమెటజోలిన్ అనో, జైలోమెటజోలిన్ అనో ఉంటే అది వేరే మందు, డాక్టరు చీటీ లేకుండా తీసుకోవద్దు.

దగ్గు, జలుబు సిరప్‌లు ఎవరు ఇచ్చినా, ఎంత బతిమాలినా తీసుకోవద్దు. రెండేళ్ల లోపు పిల్లలకి ఇవి రాయవద్దనీ, ఐదేళ్ల లోపు వాళ్లకి మామూలుగా సిఫారసు చేయదగ్గవి కావనీ కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2025 అక్టోబరులో చెప్పింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ అనే మందులు కలిపిన జలుబు చుక్కలు నాలుగేళ్ల లోపు వద్దని డబ్బా మీదే రాయాలన్న ఆదేశం 2023లోనే వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో 2025లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గు సిరప్ తాగి, కిడ్నీలు పాడై ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. సిరప్ కల్తీ లేనిదైనా పసిపిల్లల దగ్గుకి పెద్దగా ఒరగబెట్టేది లేదు. మత్తు, గుండెదడ మాత్రం వస్తాయి. దగ్గు సిరప్ వేస్తే మధ్యాహ్నం హాయిగా నిద్రపోతాడు అని ఎవరైనా అంటే, ఆ మనిషిని మందుల బీరువా దగ్గరికి రానివ్వకండి.

జ్వరానికి, నొప్పికి వాడే ఐబుప్రోఫెన్ కూడా వద్దు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన పిల్లకి అది కిడ్నీల మీద భారం. వానాకాలం జ్వరం డెంగీ కావచ్చు, అప్పుడు రక్తస్రావం ముప్పు. ఆస్పిరిన్ పిల్లలకి వేయకూడదు. నిమెసులైడ్ అనే మరో జ్వరం మందును పన్నెండేళ్ల లోపు పిల్లలకి 2011లోనే నిషేధించారు. ఇంటి వైద్యాల్లో కర్పూరం ఉన్న బామ్‌లు ముక్కు కింద రాయడం, కర్పూరం మూటకట్టి మెడలో వేయడం ప్రమాదం. మూట నోట్లోకి పోతే ఫిట్స్ రావచ్చు. ఏడాది లోపు పిల్లకి తేనె నాకించవద్దు. వస, గ్రైప్ వాటర్ లాంటివి ఇంట్లో ఏం చేసుకున్నా క్రెష్ లోపలికి రాకూడదు.

సీసాల తేడా: అసలు ప్రమాదం ఇక్కడే

పారాసిటమాల్ మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలు ఎడం ఉండాలి, క్రెష్ 6 గంటల లెక్క పెట్టుకోవడం మేలు. 24 గంటల్లో నాలుగు మోతాదులు దాటకూడదు.

మన షాపుల్లో ఒకే బ్రాండు పేరుతో దొరికే సీసాల్లో బలం వేరు వేరు. మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉంటాయి. డీఎస్ (డబుల్ స్ట్రెంగ్త్, రెట్టింపు బలం) అనో, 250 అనో రాసి ఉన్న దాంట్లో అదే 5 మిల్లీలీటర్లకి 240 లేదా 250. చుక్కల మందు చిన్న సీసాయే అయినా అన్నిటికంటే చిక్కన: చాలావాటిలో ఒక్క మిల్లీలీటరుకే 100, కొన్నిటిలో 150.

12 కిలోల పిల్లకి కిలోకి 15 చొప్పున 180 మిల్లీగ్రాములు కావాలి. 120 సిరప్ అయితే 7.5 మిల్లీలీటర్లు, 250 సిరప్ అయితే 3.6, వంద బలం ఉన్న చుక్కలైతే 1.8. నిన్నటి సీసా అనుకుని 250 సిరప్‌ని 7.5 పోస్తే మోతాదు రెట్టింపు దాటుతుంది. చుక్కల మందునే 7.5 పోస్తే 750 మిల్లీగ్రాములు, అంటే రోజంతటికీ గరిష్ఠంగా ఇవ్వదగ్గది ఒక్క గుక్కలో పడిపోయినట్టే. ‘ఒకటిన్నర స్పూను’ అన్న మాట మీద మందు వేయకూడదనేది ఇందుకే. మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు, సీసా బలం మూడూ కాగితం మీద ఉండాలి.

ఇంకో ఉచ్చు కలగలుపు సిరప్‌లు. చాలా జలుబు సిరప్‌లలో పారాసిటమాల్ కూడా ఉంటుంది. ఐబుప్రోఫెన్ కలిపి అమ్మే జ్వరం సిరప్‌లలోనూ అంతే. పొద్దున ఇంట్లో జలుబు సిరప్ వేశామంటే దాని ఫొటో పంపించమని అడిగి, వెనక ఉన్న పదార్థాలు చదివాకే రెండో సీసా తెరవండి.

అనుమతి కాగితం

ఇంగ్లండ్ నర్సరీల నియమావళిలో, చీటీ అక్కర్లేని మందుకైనా ప్రతి మందుకీ విడిగా తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి. మన క్రెష్‌లకీ ఇది సరిపోతుంది. ఏడాదికి ఒకసారి ‘అవసరమైన మందులు వేయవచ్చు’ అని సంతకం తీసుకోవడం దండగ. కాగితంలో ఇవి ఉండాలి: పిల్ల పేరు, ఈ నెలలో తూచిన బరువు, మందు పేరు, బలం, ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత జ్వరం దాటితే వేయాలో, పడని మందులు, గతంలో ఫిట్స్ వచ్చాయా, డాక్టరు చీటీ నకలు, సంతకం, తేదీ. మూడు నెలలకి కాలం చెల్లినట్టు చూడండి. ఈ వయసులో బరువు మారిపోతుంది.

సీసా ఇంటి నుంచే, డబ్బాతో సహా, పిల్ల పేరు రాసి రావాలి. వేరే సీసాలో పోసి తెచ్చింది వెనక్కి పంపండి. పిల్లల బ్యాగుల పక్క జేబుల్లో సిరప్ ఉండిపోతే పక్కపిల్ల తాగేస్తుంది. బ్యాగు చూశాకే లోపలికి పంపండి. సీసాలు తాళం ఉన్న బీరువాలో, పైఅరలో ఉండాలి.

వేసే పద్ధతి

డిజిటల్ థర్మామీటర్ చంకలో, బీప్ వచ్చేదాకా. ఎండలోంచి వచ్చిన పిల్ల నుదుటి మీద థర్మామీటర్ గన్ పెట్టి చూసిన అంకెని నమ్మవద్దు. 100.4 ఫారన్‌హీట్ దాటి, పిల్ల చిరాకుగా, నీరసంగా ఉంటేనే మందు. 101 ఉన్నా ఆడుకుంటూ నీళ్లు తాగుతుంటే గాలి ఆడే బట్టలు వేసి, కనిపెట్టుకుని ఉంటే చాలు. మందు వేసేది పిల్ల బాధ తగ్గడానికి. ఫిట్స్ రాకుండా అది ఆపుతుందన్న నమ్మకం తప్పు.

ముందు ఇంటికి ఫోన్. ఆ రోజు ఏమీ వేయలేదని తేలాక ఒకరు కాగితం పైకి చదవాలి, రెండోవారు సీసా మీది అంకె చదవాలి. సీసా బాగా కుదిపి, సూది లేని సిరంజితో లాగండి. కప్పు అయితే బల్ల మీద పెట్టి, కంటి ఎత్తుకి వంగి గీత చూడండి. వంటింటి స్పూను వద్దు.

పిల్లని నిటారుగా కూర్చోబెట్టి, సిరంజి బుగ్గ లోపలి వైపు పెట్టి, కొద్దికొద్దిగా తోయండి. ఒళ్లో పడుకోబెట్టి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో పోయడం పాత అలవాటు. ఊపిరి కోసం నోరు తెరిచినప్పుడు మందు గాలిగొట్టంలోకి పోతుంది. పాలసీసాలో కలపవద్దు, సగం పాలు వదిలేస్తే ఎంత మందు లోపలికి పోయిందో చెప్పలేం. కక్కేస్తే మళ్లీ వేయకండి, ఇంటికి ఫోన్ చేయండి. క్రెష్ ఒక పిల్లకి రోజులో ఒక్క మోతాదే వేయాలి. రెండోది కావాల్సినంత జ్వరం ఉంటే ఆ పిల్ల ఇంటికో డాక్టరు దగ్గరికో వెళ్లాలి.

రిజిస్టరులో వరస ఇలా ఉండాలి: “12.10కి చంకలో 101.6. 12.14కి తల్లికి ఫోన్, పొద్దుటి నుంచి మందు లేదు. బరువు 12 కిలోలు. 120 సిరప్ 7.5 మిల్లీలీటర్లు, 12.20కి. వేసినవారు, చూసినవారు సంతకాలు. 1.20కి 99.8, నీళ్లు తాగింది.”

ఫిట్స్, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి, లేపినా లేవకపోవడం, ఏమీ తాగలేకపోవడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం కనిపిస్తే సిరప్ మాట మరిచి 108కి ఫోన్ చేయండి. ఎక్కువ మోతాదు పడిందని తెలిస్తే వాంతి చేయించవద్దు. పిల్ల ఆ పూట బాగానే కనిపిస్తుంది, కాలేయం దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజులకి గానీ బయటపడదు. విరుగుడు మందు ఎనిమిది గంటల లోపు పడితే బాగా పనిచేస్తుంది కాబట్టి సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117 గోడ మీద రాసి ఉంచుకోండి.

ఓఆర్ఎస్, నులిపురుగుల మాత్ర

పెద్ద ప్యాకెట్ సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటికి, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకి. చిన్నగ్లాసు కదా అని పెద్ద ప్యాకెట్‌లో కొంచెం పోసి కలిపితే ఉప్పు ఎక్కువై ముప్పు. రెండేళ్ల లోపు పిల్లకి ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పైబడితే 100 నుంచి 200, చెంచాతో నిదానంగా. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని పళ్లరసాల పక్కన అమ్మే తీపి డబ్బాలు ఇది కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడవద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది.

అంగన్‌వాడీల్లో ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో వేసే నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ వేరే సంగతి, అది ప్రభుత్వ కార్యక్రమం. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లకి సగం మాత్ర, ఆపైన 400 మిల్లీగ్రాముల మాత్ర పూర్తిగా. మూడేళ్ల లోపు పిల్లలకి పొడి చేసి నీళ్లలో కలపాలి, లేకపోతే గొంతుకి అడ్డం పడుతుంది. ఆ రోజు జ్వరంతో ఉన్న పిల్లకి వేయకుండా, తగ్గాక, ఆ రోజు తప్పిపోయిన పిల్లలకి వేసే విడతలో వేయాలి.

సాయంత్రం పిల్లని తీసుకెళ్లేది తాతయ్యో, ఆటో అతనో కావచ్చు. ఏ మందు, ఎంత, ఎన్నింటికి వేశారో, మళ్లీ ఎన్నింటి తర్వాత వేయవచ్చో రాసిన చీటీ పిల్ల బ్యాగులో పెట్టి, అదే సంగతి తల్లికి మెసేజ్ కూడా పెట్టండి. ఆరున్నర దాకా వేయవద్దని చీటీలో ఉన్నా, అది చూడకుండా అమ్మమ్మ ఐదింటికే మళ్లీ పట్టించే ఇళ్లు ఉన్నాయి.