ఫోర్కు కింది బోల్టు వట్టిగా తిరుగుతోందా?

ఆయిల్ సీలు మారుద్దామని ఇంటి దగ్గర బైకు ముందు ఫోర్కు, అంటే ముందు చక్రం షాక్ అబ్జార్బరు గొట్టం, విప్పుతారు. టాప్ నట్టు తీస్తారు, స్ప్రింగు లాగేస్తారు, ఆయిల్ ఒంపేస్తారు. చివరికి అడుగునున్న అలెన్ బోల్టుకి (తలలో ఆరు పలకల గుంట ఉండేది) కీ పెడితే అది తిరుగుతూనే ఉంటుంది, బయటికి మాత్రం రాదు. పావుగంట కుస్తీపట్టి, ఫోర్కు గోతాంలో చుట్టి, స్ప్రింగు విడిగా క్యారీబ్యాగులో వేసుకుని మా షెడ్డుకొస్తారు. వచ్చీ రాగానే అనే మాట: "అన్నా, బోల్టు మర (థ్రెడ్డు) పోయింది."

పోలేదు తమ్ముడూ. మర పోయిన ఫోర్కులు నేను చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

స్ప్లెండర్, పల్సర్ లాంటి బండ్ల మామూలు టెలిస్కోపిక్ ఫోర్కుల సంగతే చెబుతున్నాను. తలకిందుల ఫోర్కులు, కాట్రిడ్జ్ ఫోర్కులు, పాత బుల్లెట్‌వి వేరే కథ.

ఎందుకు తిరుగుతుంది?

ఆ బోల్టు బాటమ్ కేస్ (ఫోర్కు కింది లావు గొట్టం) అడుగు నుంచి లోపలికెళ్ళి, ఊపుని అణిచే డ్యాంపర్ రాడ్‌లో బిగుసుకుంటుంది. ఆ రాడ్ తిరక్కుండా పట్టుకునే గాడీ, పిన్నూ లోపల ఏమీ ఉండవు. బోల్టు బిగువే దాన్ని కేస్ అడుక్కి అదిమి ఉంచుతుంది. కీతో బిగువు సడలించిన క్షణం నుంచి, పైనుంచి నొక్కే స్ప్రింగు ఒక్కటే దిక్కు. ఆ స్ప్రింగు మీ క్యారీబ్యాగులో ఉంది. ఇంకేముంది, బోల్టుతోపాటు రాడ్ కూడా గిరగిరా తిరుగుతుంది.

ముందు చేయాల్సింది

స్ప్రింగు మళ్ళీ వేసి టాప్ నట్టు బిగించండి. ఇంత చిన్న పని చేయకుండా నేరుగా కర్రలూ సుత్తులూ పట్టుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నట్టు బిగించాక ఫోర్కు తలకిందులుగా నేల మీద చెక్క మీద నిలబెట్టి, ఒకరు బాటమ్ కేస్ మీద ఒళ్ళంతా మోపి కిందికి నొక్కాలి. స్ప్రింగు ఎంత నలిగితే రాడ్ అంత గట్టిగా అణుగుతుంది. రెండోవాళ్ళు కీ తిప్పాలి. మెల్లగా తిప్పితే రాడ్ కూడా వెంట వస్తుంది, ఒక్క గుంజు గుంజాలి.

కీ పెట్టే ముందు గుంటలో పేరుకున్న మట్టిని సూదిమొనతో గీకేయండి. కీ సగమే దిగితే గుంట గుండ్రంగా అరిగిపోతుంది, అప్పుడు రెండు రోగాలు. 8 ఎంఎం బోల్టయితే 6 నంబరు కీ పడుతుంది. కీ మొన అరిగి ఉంటే కొత్తది కొనండి.

గుంజినా రాకపోతే ఇంపాక్ట్ గన్, అంటే దెబ్బలు కొడుతూ బోల్టు తిప్పే మిషను. ఫోర్కు నొక్కి పట్టుకుని, ట్రిగ్గరు రెండు మూడుసార్లు చిన్నగా కొట్టండి, చాలు. గన్ లేకపోతే టైర్ల షాపుకి ఫోర్కు పట్టుకెళ్ళండి, ఒక నిమిషం పని.

అసలు మొదటి నుంచీ సరిగ్గా చేయాలంటే, ఫోర్కు ఇంకా బండికే ఉండగా, టాప్ నట్టు ముట్టుకోకముందే కింది బోల్టుని పావు చుట్టు సడలించాలి. కొన్ని బండ్లలో చక్రం, యాక్సిల్ తీస్తేనే కనిపిస్తుంది. ఎలాగూ తీస్తారు కదా.

నన్ను ముంచిన దొంగ కారణం

కొన్నాళ్ళ కిందట ఒక 125 బండి వచ్చింది. అంతకుముందు వేరే చోట సీళ్ళు మార్పించుకున్నదే. స్ప్రింగు లోపలే ఉంది, నొక్కి పట్టాం, గన్ కొట్టాం. టక్కుమంది, రెండు చుట్లు వచ్చింది. అక్కడి నుంచి మళ్ళీ వట్టిగా తిరగడమే. రాడ్ తిరక్కుండా పట్టుకోడానికి స్ప్రింగు తీసి, వేపకర్ర చెక్కి పైనుంచి దించాను, ఆయిల్‌కి జారిపోయింది. రెండు గంటలు పోయాక విసుగొచ్చి బోల్టు తల డ్రిల్లు చేసేశాను. రాడ్ బయటికి తీసి మిగిలిన ముక్కని గ్రిప్ ప్లయరుతో పట్టి తిప్పితే కదల్లేదు. వేడిగాలి ఊదే హీట్ గన్ పెట్టి వేడి చేశాక చేత్తో తిరిగి వచ్చేసింది. మర చెక్కుచెదర్లేదు, పొడుగంతా ఎర్రటి పొలుసు మాత్రం గడ్డకట్టి ఉంది. ఎవరో మరలు లాక్ చేసే గమ్ము చుక్క వేయాల్సిన చోట సీసా ఒంపారు!

దీన్ని పసిగట్టే గుర్తు ఒకటుంది. బోల్టు తల కింది రాగి వాషరు వదులై ఆడుతుంటుంది, బోల్టు మాత్రం ఊడిరాదు. అంటే బిగువు పోయింది, పట్టు మరలోనే ఉంది. ఆ పట్టు ముందు స్ప్రింగు బలం చాలదు. ఐదు చుట్లు తిప్పితే బోల్టు ఐదారు మిల్లీమీటర్లు బయటికి రావాలి, రాకపోతే ఊరికే తిప్పకండి.

మందు వేడి. ఫోర్కు తలకిందులుగానే ఉంచండి, ఆయిల్ టాప్ నట్టు వైపు జారిపోతుంది కాబట్టి వేడి నేరుగా బోల్టుకే అందుతుంది. హీట్ గన్ ముక్కు బోల్టు తల మీదే పెట్టండి. ఎర్ర గమ్ముకి 250 డిగ్రీల దాకా వేడి కావాలి, నీలం రంగుది అంతకంటే తేలిగ్గా వదులుతుంది. పెద్ద సోల్డరింగ్ ఐరన్ ఉంటే దాని మొన అలెన్ గుంటలో పెట్టడం ఇంకా నయం, కేస్ రంగు ఉబ్బదు. గ్యాసు మంట మాత్రం వద్దు, లోపలున్నది ఆయిలు. వేడి మీద ఉండగానే తిప్పాలి. టీ తాగొచ్చి చూద్దామంటే గమ్ము మళ్ళీ గట్టిపడి ఉంటుంది.

ఇంకా రాకపోతే

ఇప్పుడు రాడ్ తిరక్కుండా పట్టే కర్ర. టాప్ నట్టు, స్ప్రింగు మళ్ళీ తీసి, ఆయిల్ మొత్తం ఒంపి, రాడ్ తల గుడ్డతో పొడిగా తుడిచి, రెండడుగులు దాటిన కర్రకి మొన చెక్కి పైనుంచి రాడ్ తలలోకి సుత్తితో దించండి. కొన్ని రాడ్ల తల లోపల ఆరు పలకలుంటాయి. పొడుగు స్టడ్డు (మరలున్న కడ్డీ) చివర సరిపోయే సైజు నట్టు బిగించి దాంతో పట్టుకోవచ్చు.

నిజంగానే మర పోయినా, గుంట అరిగినా తల డ్రిల్లు చేయడమే. అదొక పెద్ద విషయం కాదు.

తిరిగి బిగించేటప్పుడు రాగి వాషరు కొత్తది వేయండి, పాతదైతే ఆయిల్ కారుతుంది. మరలు బ్రష్షుతో శుభ్రం చేసి నీలం గమ్ము ఒక్క చుక్క. చిన్న బండ్లకి సాధారణంగా 20 న్యూటన్ మీటర్ల దగ్గర బిగువు చాలు, మీ బండి మాన్యువల్ చూసుకోండి. ఆఖరి బిగింపు కూడా స్ప్రింగు లోపల పెట్టాకే, లేకపోతే బిగించేటప్పుడూ అదే గిరగిర.