పొల్యూషన్‌కి రక్తనాళాలు బిగుసుకుంటాయి: బీపీ, స్టెంట్ ఉన్నవాళ్ళు ఇంట్లో, రోడ్డు మీద ఏం చేయాలి

పొల్యూషన్ అనగానే మనకి దగ్గు, ఆయాసం, ఆస్తమా ఇవే గుర్తొస్తాయి. నెలనెలా కార్డియాలజిస్ట్ దగ్గరకెళ్ళి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అన్నీ చూపించుకునే వాళ్ళు కూడా రోజూ పీల్చే గాలి గురించి ఒక్క మాట అడగరు, చాలామంది డాక్టర్లు కూడా చెప్పరు. కానీ ఇరవై ఏళ్ళ పైనుంచి జరుగుతున్న రీసెర్చ్ చూస్తే పొగ వెళ్ళేది ఊపిరితిత్తుల్లోకే అయినా దాని దెబ్బ రక్తనాళాల మీద గంటల్లోనే కనబడుతోంది. ఇంట్లో స్టెంట్ వేసిన నాన్న, బీపీ ఉన్న అమ్మ, షుగర్ ఉన్న మావయ్య, ఎవరున్నా సరే ఇది పూర్తిగా చదవండి.

ముందు అసలు ఏం కనుక్కున్నారో చెప్తా, అది తెలిస్తేనే కింద చెప్పే పనులు ఎందుకో అర్థమవుతాయి. 2002లో టొరంటోలో ఏ జబ్బూ లేని 25 మందికి 2 గంటల పాటు సన్నని ధూళి, ఓజోన్ ఉన్న గాలి ఇచ్చి, చేతిలో ఉండే పెద్ద ధమనిని అల్ట్రాసౌండ్‌లో చూస్తే అది సన్నబడింది, అదే మనుషులకి ఇంకో రోజు ఫిల్టర్ చేసిన గాలి ఇస్తే అలా అవ్వలేదు. తర్వాత ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్ళు, స్వీడన్ వాళ్ళు కలిసి ఇంకా ముందుకెళ్ళారు. అంతకుముందు హార్ట్ ఎటాక్ వచ్చి కోలుకున్న 20 మంది మగవాళ్ళకి గంటసేపు పలచన చేసిన డీజిల్ పొగ ఇస్తూ మధ్యమధ్యలో సైకిల్ తొక్కించారు, 2007లో వచ్చింది ఆ పేపర్. మామూలు గాలి ఇచ్చిన రోజుతో పోలిస్తే పొగ ఇచ్చిన రోజు ఈసీజీలో గుండెకి రక్తం చాలట్లేదని చూపించే మార్పు ఎక్కువగా వచ్చింది, పైగా రక్తం గడ్డల్ని కరిగించే పదార్థం శరీరంలో తక్కువగా విడుదలైంది. వాళ్ళెవరికీ ఛాతీ నొప్పి రాలేదు. అంటే లోపల రక్తం తగ్గుతున్నా పైకి తెలియట్లేదు, నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఇదే.

ఇదెలా జరుగుతుందంటే, రక్తనాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారుచేస్తుంది, దాని వల్లే నాళం సడలి వెడల్పవుతుంది. మెట్లెక్కినా స్పీడుగా నడిచినా గుండె కండరానికి ఎక్కువ రక్తం కావాలి, అప్పుడు నాళం వెడల్పవ్వాలి. పీఎం 2.5 అనే సన్నని ధూళి ఊపిరితిత్తుల చివరి దాకా వెళ్ళి అక్కడ వాపు తెప్పిస్తుంది, ఆ ప్రభావం రక్తంలోకి వచ్చి నైట్రిక్ ఆక్సైడ్‌ని తగ్గిస్తుంది, ఇక కావాల్సినప్పుడు నాళం వెడల్పవ్వదు. ఎడిన్‌బరో టీమే 2011లో డీజిల్ పొగకి ఫిల్టర్ పెట్టి ధూళి కణాల్ని ఆపేసి చూస్తే ఈ నష్టం చాలావరకు లేకుండా పోయింది. మనకి పనికొచ్చే పాయింట్ ఇదే, ఆ కణాలు ముక్కులోకి వెళ్ళకుండా చేస్తే లాభం ఉంది.

ఇదంతా ఫారిన్ సంగతి, మనకెందుకు అనుకోకండి. హైదరాబాద్ చుట్టుపక్కల 28 ఊళ్ళలో 3,000 మందికి పైగా జనాన్ని పరీక్షించి 2019లో ఇచ్చిన రిపోర్ట్‌లో, పీఎం 2.5 ఎక్కువ ఉన్నచోట మెడలోని రక్తనాళం గోడ మందం కూడా ఎక్కువగా ఉందని తేలింది. అవి సిటీ ట్రాఫిక్‌లో ఉండే ఊళ్ళు కూడా కావు.

ఇప్పుడు చేయాల్సినవి. మొదటిది, గాలి ఎలా ఉందో చూసుకోవడం. కేంద్ర పొల్యూషన్ బోర్డు వాళ్ళ సమీర్ యాప్ ఫ్రీ, మీకు దగ్గర్లో ఉన్న స్టేషన్ పెట్టుకోండి. కాకపోతే గాలి ఎంత చెడిపోయిందో చెప్తూ పైన పెద్దగా కనబడే ఏక్యూఐ నంబర్ ఒక్కటే చూసి వదిలేయొద్దు, అది 24 గంటల సగటు, ఈ గంటలో పొగ ఎంతుందో అది చెప్పదు, లోపలికెళ్ళి పీఎం 2.5 గంటగంటకీ ఎంతుందో చూడండి. ఇంకోటి, మన దగ్గర ఏక్యూఐ 101 నుంచి 200 వరకు మోడరేట్ అని పసుపు రంగులో చూపిస్తారు, చూడ్డానికి పర్లేదులే అనిపిస్తుంది. అందులో పీఎం 2.5 క్యూబిక్ మీటర్‌కి 61 నుంచి 90 మైక్రోగ్రాములు ఉంటుంది, డబ్ల్యూహెచ్ఓ ఏమో రోజుకి 15 దాటొద్దని 2021లో చెప్పింది. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి మోడరేట్ అంటే బాగున్నట్టు కాదు. మా ఇంట్లో మేము పెట్టుకున్న లెక్క ఏంటంటే, ఏక్యూఐ కాదు, పీఎం 2.5 చూస్తాం, అది 30 లోపు ఉంటే హాయిగా బయట నడక, 30 నుంచి 60 అయితే రోడ్డుకి దూరంగా పార్కులోనే, 60 దాటితే మేడ మీదకి కూడా వద్దు, హాల్లోనే అటూ ఇటూ నడవడం.

నడక గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంచి అనుకుని చేసే పనిలోనే నష్టం దూరుతోంది. లండన్‌లో 60 దాటిన వాళ్ళని ఒకరోజు డీజిల్ బస్సులు తిరిగే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో, ఇంకోరోజు హైడ్ పార్క్‌లో 2 గంటలు నడిపించారు. పార్కులో నడిచినప్పుడు రక్తనాళాల బిగువు తగ్గింది, ఊపిరితిత్తులు బాగా పనిచేశాయి, రోడ్డు పక్కన నడిచినప్పుడు ఆ లాభం చాలావరకు పోయింది. అదే నడక, అంతే టైమ్. కాబట్టి హైదరాబాద్‌లో కేబీఆర్ పార్క్ దగ్గర ఉండేవాళ్ళు బయట రోడ్డు పక్కన కాకుండా లోపలి ట్రాక్‌లో నడవండి, విజయవాడ, వైజాగ్ ఎక్కడైనా సరే మెయిన్ రోడ్డు వదిలి రెండు మూడు సందులు లోపలికి వెళ్తే తేడా ఉంటుంది. చలికాలంలో తెల్లవారుజామున 5 గంటల గాలి స్వచ్ఛంగా ఉంటుందనేది మనందరి నమ్మకం, కానీ నవంబర్ నుంచి జనవరి దాకా రాత్రి పొగంతా చలికి కిందే పేరుకుని ఎండ బాగా ఎక్కేదాకా కదలదు, అందుకని ఆ మూడు నెలలూ రిటైరైన వాళ్ళు పది తర్వాతో సాయంత్రం నాలుగింటికో నడిస్తే మంచిది. అంతేగానీ పొల్యూషన్ ఉందని నడకే మానేయొద్దు, కూర్చుని ఉండటం కూడా గుండెకి చెడే.

మాస్క్ విషయానికొస్తే కర్చీఫ్, చున్నీ, క్లాత్ మాస్క్ ఇవి పీఎం 2.5ని సరిగ్గా ఆపవు. ఎన్95 కావాలి, అది కూడా ముక్కు దగ్గర క్లిప్ గట్టిగా నొక్కి, రెండు ఎలాస్టిక్‌లూ తల వెనక్కి వేసుకుని, రెండు చేతులూ మాస్క్ మీద పెట్టి గట్టిగా ఊదితే పక్కల నుంచి గాలి రాకూడదు, కళ్ళజోడు మంచు పట్టిందంటే ముక్కు దగ్గర లీక్ ఉన్నట్టే. గడ్డం ఉంటే సరిగ్గా అతుక్కోదు. బీజింగ్‌లో గుండె జబ్బు ఉన్న 98 మంది మంచి మాస్క్ పెట్టుకుని 2 గంటలు నడిస్తే మాస్క్ లేని రోజుకంటే ఈసీజీ మెరుగ్గా ఉంది, బీపీ కూడా కొద్దిగా తక్కువ ఉంది. గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్ళు, నడిస్తేనే ఆయాసం వచ్చేవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగాకే పెట్టుకోండి. టూవీలర్ మీద సిగ్నల్‌లో ఆగినప్పుడు బస్సు, ఆటో సైలెన్సర్ వెనకాల ఆగొద్దు, కొంచెం పక్కకి జరగండి. కారులో జామ్‌లో ఉన్నప్పుడు బయటి గాలి రాకుండా రీసర్క్యులేషన్ బటన్ నొక్కి, రోడ్డు ఖాళీ అయ్యాక తీసేయండి.

ఇంట్లో పొగ. దోమల కాయిల్ ఒక్కటి పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని 2003లో కొలిచారు, దాన్ని తలుపులు మూసి మంచం కింద పెట్టి పెద్దవాళ్ళని పడుకోబెడుతున్నాం మనం. దయచేసి మానేసి దోమతెర కట్టండి. సాంబ్రాణి, అగరబత్తీలు గాలి ఆడే చోట ఒకటి రెండు చాలు, పూజ అయ్యేదాకా స్టెంట్ ఉన్న పెద్దాయన్ని దేవుడి గది తలుపు దగ్గరే కూర్చోబెట్టకండి. పోపు వేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందే వేయండి, మిరపకాయలు మాడాక వేస్తే అప్పటికే ఇల్లంతా పొగ. పల్లెల్లో కట్టెల పొయ్యి ఇంకా వాడుతుంటే కనీసం వరండాలోకి మార్చండి.

గాలి ప్యూరిఫయర్ కొనాలనుకుంటే సన్నని ధూళిని ఆపే హెపా ఫిల్టర్ ఉండాలి, బాక్స్ మీద సీఏడీఆర్ చూడండి, అంటే గంటకి ఎంత గాలిని శుభ్రం చేస్తుందో చెప్పే నంబర్. 12 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు ఉన్న బెడ్‌రూమ్‌లో దాదాపు 41 క్యూబిక్ మీటర్ల గాలి ఉంటుంది, గంటకి ఐదుసార్లు శుభ్రం కావాలంటే గంటకి 200 క్యూబిక్ మీటర్ల పైన సీఏడీఆర్ కావాలి. ఫిల్టర్ మార్చే ఖర్చు కూడా ముందే కనుక్కోండి. మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ పెడితే గాలి శుభ్రం అవుతుందని పంపే మెసేజ్‌లు నమ్మి డబ్బు పెట్టకండి, అందానికి పెంచుకోండి అంతే.

మాస్క్ పెట్టుకున్నాం కదా, ప్యూరిఫయర్ ఉంది కదా అని బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దు. దీపావళి రాత్రి, భోగి మంటల పొద్దున, పక్క ఖాళీ స్థలంలో చెత్త తగలబెట్టిన రోజు కిటికీలు మూసి పెద్దవాళ్ళని లోపలే ఉంచండి. ఆ టైమ్‌లో ఛాతీలో బరువు, ఎడమ చెయ్యో దవడో లాగడం, చల్లటి చెమటలు, నోరు వంకర పోవడం, మాట తడబడటం ఏది కనిపించినా గ్యాస్ అనుకుని సోడా తాగించకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.